నిన్నటిదాకా బాగున్న జీపు ఎడమకెందుకు గుంజుతోంది?

చందూర్ నుంచి వచ్చిన ప్రశ్న చిన్నదే. పాత మహీంద్రా జీపు నిన్నటిదాకా తిన్నగా నడిచింది. కాలువ నీళ్లు దాటి, కరిగెట పక్క బాటన ఇంటికొచ్చిన మర్నాటి నుంచి బ్రేకు తొక్కితే చాలు, స్టీరింగ్ ఎడమకు గుంజుతోంది. షెడ్డులో అలైన్‌మెంట్ పోయిందన్నారు, నిజమేనా? కాదనే చెప్పాలి. ఈ ప్రశ్న ఆ ప్రాంతం నుంచి రావడంలో వింతేమీ లేదు. 1931 నాటికి పూర్తయిన నిజాంసాగర్ నుంచి వచ్చే కాలువల నీళ్లు, బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో వెలసిన చక్కెర ఫ్యాక్టరీ కలిసి అక్కడ చెరకు బండ్లకూ జీపులకూ బాటలు వేశాయి. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది, చెరకు తగ్గి వరి పెరిగింది. నాట్ల కాలంలో ఆ బాటలన్నీ బురదే. బండికి నలభై ఏళ్లు వచ్చినా, దాని బ్రేకు డ్రమ్ములోకి ఆ బురద నీళ్లు రాకుండా ఆపేదేదీ లేదు.

ముందు అలైన్‌మెంట్ సంగతి తేల్చేద్దాం. ఈ జీపుల ముందు ఇరుసు ఒకే గట్టి దూలం. వీటికి మూలమైన విల్లీస్ జీపు వంశపు లెక్కలో కింగ్ పిన్ (చక్రం పక్కకు తిరగడానికి ఆధారమైన పిన్) లోపలి వాలు 7.5 డిగ్రీలు, దాని వెనక్కి వాలు అంటే కాస్టర్ 3, చక్రం పక్కవాలు అంటే క్యాంబర్ 1.5. ఈ కోణాలు ఇరుసులోనూ కమాన్ పీఠంలోనూ ఇమిడి ఉంటాయి. ఇరుసు వంగితే తప్ప రాత్రికి రాత్రి మారవు. మారగలిగేది ఒక్క టో, అంటే రెండు చక్రాలూ ముందువైపు ఎంత లోపలికి చూస్తున్నాయన్న కొలత. టై రాడ్ వదులైతే అది మారుతుంది. కానీ రెండు చక్రాలనూ ఒకే టై రాడ్ కలిపి ఉంచుతుంది కాబట్టి తప్పును చెరిసగం పంచుకుంటాయి. ఎడమ చక్రం కుడికి ఎంత తోస్తే కుడి చక్రం ఎడమకు అంతే తోస్తుంది. టైర్ల అంచులు అరిగిపోతాయి, స్టీరింగ్ నిలకడ తప్పుతుంది. బండి మాత్రం ఒక పక్కకే పోదు. అలైన్‌మెంట్ చేయించుకున్న బండి మర్నాడు మళ్లీ గుంజిందంటే తప్పు మెషీన్‌ది కాదు, అసలు అక్కడికి తీసుకెళ్లడమే తప్పు.

మరి గుంజేదేమిటి? చక్రం తిరగడానికి ఆధారమైన కింగ్ పిన్ గీతను నేల దాకా పొడిగిస్తే, అది టైరు నేలను తాకే చోటుకు కాస్త లోపలగా పడుతుంది. ఆ కాస్త దూరమే మీట. బ్రేకు పడినప్పుడు నేల టైరును వెనక్కి లాగుతుంది. ఆ లాగుడు మీట మీద పనిచేసి ఎడమ చక్రాన్ని ఎడమకూ కుడి చక్రాన్ని కుడికీ తిప్పబోతుంది. రెండూ సమానమైతే టై రాడ్‌లో ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. తేడా వస్తే మిగిలినది చేతికి తెలుస్తుంది. రెండు చక్రాల మధ్య 500 న్యూటన్ల తేడా, మీట 8 సెంటీమీటర్లు అనుకుంటే కింగ్ పిన్ దగ్గర 40 న్యూటన్ మీటర్ల తిప్పు. సోకు కోసం బయటికి పొడుచుకొచ్చే వెడల్పు రిమ్ములు వేసినవాళ్లు ఆ 8ని 12 చేసి, ప్రతి చిన్న తేడానూ ఒకటిన్నర రెట్లు చేసుకుంటారు. 1972 నాటి ఆడీ 80లో ఇంజనీర్లు ఆ గీతను టైరు మధ్యకంటే బయటికి జరిపారు. ఒక పక్క బ్రేకు పోతే గుంజుడు దానంతటదే సర్దుకునే ఏర్పాటది. మన జీపుకు ఆ భాగ్యం లేదు.

ఇక అసలు కథ డ్రమ్ములో ఉంది. ముందు చక్రాలకు బ్రేకులంటే ఒకప్పుడు భయపడేవారు. కడ్డీలతో, తీగలతో లాగే రోజుల్లో రెండు పక్కలా ఒకే బిగువు ఉంచడం గగనం. స్టీరింగ్‌తో తిరిగే చక్రాలకే ఆ తేడా వస్తే బండి పక్కకు దూకుతుందన్నది ఉత్త భయం కూడా కాదు. మాల్కమ్ లాగ్‌హెడ్ అనే ఆయన ద్రవం తోసే బ్రేకును ముందుకు తెచ్చాడు. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకూ ఆ బ్రేకుతో వచ్చింది. మూసిన ద్రవంలో ఒత్తిడి అన్ని వైపులా సమానమన్న పాస్కల్ సూత్రమే పూచీ కాబట్టి గుంజుడు గొడవ తీరిందనుకున్నారు. ఇక్కడే పొరబడ్డారు. పాస్కల్ సూత్రం ఒత్తిడికి పూచీ పడుతుంది, ఆగడానికి కాదు. ఒత్తిడికీ ఆగడానికీ మధ్య లైనర్ రాపిడి ఉంది. రాపిడిలోని తేడాను పెంచి చూపే ఒక తమాషా డ్రమ్ములో ఉంది. 1902లో లూయీ రెనో పేరుమీద వచ్చిన తొలి డ్రమ్ బ్రేకు నుంచీ దాని బలమూ బలహీనతా అదే.

డ్రమ్ములో రెండు షూలు. కింద కీలు, పైన వీల్ సిలిండర్ రెంటినీ బయటికి తోస్తుంది. బండి ముందుకు పోతున్నప్పుడు తిరిగే డ్రమ్ము ముందు షూను తనతోపాటు ఈడ్చి ఇంకా లోతుగా తనకే నొక్కుకుంటుంది. తలుపు కింద దోపిన చీలిక తలుపు తోసినకొద్దీ బిగిసినట్టు. వెనక షూను మాత్రం అదే తిరుగుడు వెనక్కి తోసేస్తుంది. అంటే మన కాలు ఇచ్చిన బలానికి ముందు షూ దగ్గర డ్రమ్ము తన బలం కలుపుతుంది, వెనక షూ దగ్గర కోత పెడుతుంది. ఒక సులువైన నమూనాలో, రాపిడి గుణకాన్ని మ్యూ అందాం, ముందు షూ లాభం 2మ్యూను (1 − మ్యూ)తో భాగిస్తే వస్తుంది, వెనక షూది 2మ్యూను (1 + మ్యూ)తో. మ్యూ 0.4 ఉంటే ముందు షూ 1.33, వెనకది 0.57. తడి తగిలి మ్యూ 0.3కి పడిందనుకోండి. రాపిడి తగ్గింది 25 శాతమే, కానీ ముందు షూ 0.86కి, అంటే 36 శాతం పడిపోయింది. రెండూ కలిపినా 31 శాతం నష్టం. డిస్క్ బ్రేకులో అయితే 25కి 25 శాతమే. రాపిడి పెరిగినా ఇదే వరస: మ్యూ 0.5 అయితే ముందు షూ 2కి ఎగబాకుతుంది, సరిగ్గా 50 శాతం ఎక్కువ. మ్యూ 1కి చేరితే హారం సున్నా, కాలు తీసినా బ్రేకు వదలదు. ఆ గండం దాకా మామూలు లైనర్లు వెళ్లవు, కానీ అటువైపు నడిచే దారి అదే. 1953లో లె మాన్ రేసు గెలిచిన జాగ్వార్‌కు డిస్కులు ఇచ్చింది వేడిని తట్టుకునే శక్తే కాదు, ఈ ఎక్కువతక్కువల నుంచి విముక్తి కూడా.

దీని నుంచి ఒక మాట తేలుతుంది. చాలా షెడ్లలో బండి ఎటు గుంజితే ఆ చక్రమే విప్పుతారు. ఎడమకు గుంజుతోందంటే ఎడమ బ్రేకు ఎక్కువ పనిచేస్తోంది, ఎక్కువసార్లు అది ఆరోగ్యంగా ఉన్నందువల్లే. తప్పు కుడిది, అక్కడ నీళ్లో గేరాయిలో చేరి ఉంటుంది. లైనర్ మీద నూనె పడితే జారుతుంది కానీ, కొద్దిగా పడి వేడికి మాడితే తిరగబడి పట్టేస్తుంది కదా, అప్పుడు జబ్బు ఎడమదే కావచ్చు కదా అని అనుభవజ్ఞులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. డ్రమ్ము మీద చెయ్యి పెట్టి చూస్తే ఇది తేలదు, ఎందుకంటే రెండు సందర్భాల్లోనూ ఎడమదే ఎక్కువ వేడెక్కుతుంది. పెడల్ తేలుస్తుంది. లోతుగా తొక్కినా బండి నింపాదిగా ఆగుతుంటే కుడిది నిద్రపోతోంది. కాలు ఆనించీ ఆనించకముందే ఎడమకు విసురుతుంటే ఎడమది పట్టేస్తోంది. బ్రేకు అసలు తొక్కకుండానే ఎడమ డ్రమ్ము కాలుతుంటే అది వేరే జబ్బు: సిలిండర్ ఇరుక్కుంది, లేదా రబ్బరు హోస్ లోపల ఉబ్బి ఆయిల్‌ను పోనిచ్చి తిరిగి రానివ్వడం లేదు. జాకీ ఎత్తి చక్రం చేత్తో తిప్పితే తెలిసిపోతుంది.

ఇంకా ముచ్చటైన పరీక్ష రివర్స్. ఖాళీ నేల మీద నడక వేగంతో వెనక్కి పోతూ బ్రేకు తొక్కితే షూల పాత్రలు తారుమారవుతాయి. కుడి డ్రమ్ములో ముందు షూ ఒక్కటే నూనెపాలై ఉంటే, రివర్స్‌లో దానికి ఎలాగూ పెద్ద పని లేదు, గుంజుడు తగ్గుతుంది. తగ్గకపోతే రెండు షూలూ పోయాయి, లేదా ఆ సిలిండర్‌కు కదలిక లేదు. నీళ్లా నూనెనా అన్నది తేల్చడం సులువు. పెడల్ మీద కాలు కొద్దిగా ఆనించి కాసేపు నెమ్మదిగా నడిపితే నీళ్లు ఆవిరైపోతాయి, నూనె పోదు. చందూర్ బండి మర్నాడు కూడా గుంజిందంటే నా అనుమానం నూనె మీదికే, లేదా డ్రమ్ములో ఎండిన బురద మీదికి.

బ్రేకు తొక్కినప్పుడే గుంజితే తప్పు బ్రేకుదే కావాలని కూడా లేదు. బ్రేకు పడగానే ఇరుసు మొత్తం చక్రాలతోపాటు ముందుకు మెలిపడబోతుంది, కమాన్లు ఇంగ్లీషు ఎస్ ఆకారంలో వంగి దాన్ని ఆపాలి. స్టీరింగ్ పెట్టె నుంచి ముందుకు వచ్చే రాడ్డు ఇరుసు మెలికతో కదిలితే, ఎవరూ తిప్పకుండానే చక్రాలు తిరుగుతాయి. రెండో ప్రపంచ యుద్ధపు విల్లీస్ జీపుకు ఈ జబ్బు పుట్టుకతోనే ఉంది. ఎడమ ముందు కమాన్‌కు మాత్రమే మెలిక ఆపే అదనపు స్ప్రింగు ఒకటి తగిలించి సర్దుకున్నారు. ఆ విల్లీస్ సంతానమే 1947లో మహీంద్రా చేతికి వచ్చింది. యు బోల్టులు వదులైనా, ఒక పట్టీ విరిగినా ఆ పాత జబ్బు తిరగబెడుతుంది. ఒకరు నెమ్మదిగా నడిపి బ్రేకు వేస్తుంటే మరొకరు దూరంగా పక్కన నిలబడి కమాన్ కేసి చూస్తే చాలు, పరికరమేదీ అక్కర్లేదు.

బ్రేకుతో పని లేకుండా ఎప్పుడూ గుంజే బండి సంగతి వేరు, అందులో పెద్ద రహస్యమూ లేదు. గాలి చూడాలి. ముందు చక్రాలు రెంటినీ అటుదిటు మార్చాలి, గుంజుడు కూడా పక్క మారితే దోషం టైరుది. రెండు పక్కలా ముందు హబ్ నుంచి వెనక హబ్ దాకా దారం పట్టి కొలవాలి, తేడా వస్తే కమాన్ సెంటర్ బోల్టు తెగి ఇరుసు జరిగింది.

చందూర్ జీపు కుడి డ్రమ్ము విప్పితే లైనర్ మీద నూనె కనబడుతుందనే నా లెక్క. అప్పుడు రెండు పక్కలా ఒకే రకం లైనర్లు, కొత్త హబ్ సీల్ వేస్తారు. ఇరుసు మీద వేలెడంత బ్రీదర్ ఒకటుంటుంది, దాన్ని ఎవరూ ముట్టరు. అది బురదతో పూడిపోతే నడకలో వేడెక్కిన లోపలి గాలి బయటికి దారిలేక నూనెను సీళ్ల మీదికి తోస్తుంది. వేడి ఇరుసు చల్లటి కాలువలో మునగ్గానే అదే గాలి ముడుచుకుని నీళ్లను లోపలికి పీలుస్తుంది. బ్రీదర్ విప్పి కడగకపోతే కొత్త సీల్ కూడా వచ్చే నాట్ల దాకా నిలవదు.