నామకరణము

ఇంట శిశువు కలిగిన పదునొకండవనాడో, యిరువదియొకటవనాడో, పళ్లెరమున బియ్యము పోసి తండ్రి బంగారుటుంగరముతో బిడ్డపేరు వ్రాయుట మనలో పెక్కు కుటుంబముల యాచారము. బియ్యములోని యక్షరములు గడియలో చెదరిపోవును. పేరు మాత్రము బిడ్డతో కడదాక నడచును. ఇట్టి కార్యము నేడు మన యిండ్ల నెట్లు జరుగుచున్నదో పాఠకులు యోచింపవలసియున్నది.

పూర్వులు దీనిని తేలికగా తలంపలేదు. మగబిడ్డ పేరు రెండో నాలుగో యక్షరములు కలది కావలెనని పారస్కర గృహ్యసూత్రము చెప్పినది. తండ్రివైపు మూడు తరముల పెద్దల పేళ్ల ననుసరించునది మేలని పతంజలి మహాభాష్యమున పేర్కొనబడినది. ఆడుబిడ్డ పేరు సుఖముగా పలుకదగినదై, యర్థము తేటగా తెలియునదై, మంగళకరమై యుండవలెనని మనుస్మృతి విధించినది. ఎవ్వరికిని లేని పేరే వెదకి తెండని మాత్రము వీరిలో నెవ్వరును చెప్పలేదు.

తెలుగువారు శాస్త్రమునకు తమ నేలను జోడించిరి. అప్పలనరసయ్య యనగానే సింహాచలము, ఓబులేసనగానే అహోబిలము, పెంచలయ్య యనగానే పెంచలకోన, యాదగిరి యనగానే యాదగిరిగుట్ట, కోటేశ్వరరావనగానే కోటప్పకొండ మనసున మెదలును. దర్గాలో మ్రొక్కుకొని కన్న బిడ్డకు మస్తానయ్య యనియు మస్తానమ్మ యనియు పేరిడిన హిందూ కుటుంబములు మనలో కలవు. క్రైస్తవ గృహముల యేసుదాసు, మరియమ్మ యను పేళ్లును తెలుగు నుడికారమున నొదిగిపోయినవి. బిడ్డలు దక్కని తల్లి, మృత్యువు కన్ను మరలునని పుట్టిన శిశువును పెంటపై నుంచి యెత్తుకొని పెంటయ్య యని పిలిచెను. ఆ పేరు విని నవ్వువా రా తల్లి భయము నెరుగరు.

తాతపేరు పెట్టుటలో నొక మర్యాదయు కలదు. కోడలు మామగారి పేరు నోట పలుకరాదు గనుక బిడ్డను ‘నాయనా’ యనియో ‘తాతా’ యనియో పిలుచును. కోపము వచ్చినను ఆ పేరు పెట్టి తిట్టుటకు నోరు రాదు.

నేటి స్థితి వేరు. ఇరువదియేడు నక్షత్రములకు నాలుగేసి పాదముల చొప్పున 108 అక్షరములు పంచాంగమున నున్నవి. ఆరుద్ర మూడవపాదమునకు ‘ఙ’, హస్త మూడవపాదమునకు ‘ణ’ వచ్చినచో తలిదండ్రులు దిక్కుతోచక, యర్థములేని ధ్వనులను కూర్చి పేరనుచున్నారు. జన్మనామమును పూజాదులకు నిలుపుకొని వ్యవహారనామము వేరుగా పెట్టుకొను మార్గము మనకు ముందునుండియు కలదు గదా! మరికొందరు ఇరువైపుల పెద్దలను, ఇలవేల్పును, నక్షత్రమును నొకే పేరున గ్రుచ్చి హారము చేయుచున్నారు. బడిలో నొక తునుక, పాసుపోర్టులో నొక తునుక నిలిచి, ఆ బిడ్డ పెరిగి తాను తానేయని నిరూపించుకొనుటకు కచేరీల చుట్టు తిరుగవలసివచ్చుచున్నది. 2023 సవరణ చట్టము ననుసరించి, ఆ యేటి అక్టోబరు 1 మొదలు పుట్టినవారికి బడిలో చేరుటకును, వోటర్ల జాబితాకును జనన ధ్రువపత్రమే ప్రమాణమైనందున నీ జాగ్రత్త మరింత యవసరము.

తొందరపడి తగవులాడ పనిలేదు. జననమును 21 దినములలో నమోదు చేయింపవలసినను, పేరును పండ్రెండు మాసములలోపల రుసుము లేకయే చేర్పింపవచ్చును. పిమ్మట రుసుముతో పదునైదేండ్ల వరకు గడువున్నది. ఇరువైపులవారును కూర్చుండి మాటలాడుకొనుటకు ఇది చాలు.

ఆ మాటలలో మరువబడుచున్న దొకటి కలదు. మగబిడ్డకు తాతపేరు వచ్చుట సహజమని యెంచు నిండ్ల, ఆడుబిడ్డకు అమ్మమ్మ పేరు మోటని త్రోసివేయుచున్నారు. సుబ్బమ్మ, మంగమ్మ, ఆదెమ్మ యను పేళ్లలో మోటుతన మేమున్నది? సుబ్బమ్మలో సుబ్రహ్మణ్యుడును, మంగమ్మలో అలమేలుమంగయు కలరు. ఆ పేరు యథాతథముగా రుచింపకున్నచో ఆ దైవపు పేరే మరియొక రూపమున నిడవచ్చును. బిడ్డ సులువుగా వ్రాయగల పేరు, నలుగురిలో సిగ్గుపడక చెప్పుకొనగల పేరు, ‘ఇది యెవరి పేర’ని యడిగినపుడు చెప్పుట కొక మనిషి కథయున్న పేరు చాలును. పెట్టుటకు ముందు మూలనున్న ముసలమ్మను పిలిచి, ఆమె పేరును, ఆమె తల్లి పేరును అడిగి తెలిసికొనుడు. అనేక గృహముల నా ప్రశ్న ఆమె నింతవరకెవ్వరును అడుగలేదు.