రగ్బీ జట్ల బలాంకము: ఆస్ట్రేలియా 2025 సీజను లెక్క

పదవ తరగతి పరీక్షలో విద్యార్థులందరును ఒకే ప్రశ్నపత్రమునకు సమాధానములు వ్రాయుదురు. అందుచేత ఒకరి మార్కులను మరియొకరి మార్కులతో పోల్చుట తేలిక. ఆటల జట్ల విషయము అట్లు కాదు. ఒక జట్టు సంవత్సరమంతయు బలవంతులతో తలపడి అనేక ఆటలు ఓడిపోవచ్చును. మరియొక జట్టు దుర్బలులతో మాత్రమే ఆడి అన్నియు గెలువవచ్చును. గెలుపులను మాత్రమే లెక్కించి రెండవ జట్టే గొప్పదనుట న్యాయము కాదు. అసలు ఒకరితోనొకరు ఎన్నడును ఆడని రెండు జట్లలో ఏది బలమైనదో చెప్పుట ఎట్లు? ఈ ప్రశ్నకు గణితము ఒక సమాధానమును సూచించినది. దానిని రగ్బీ ఆట ఏ విధముగా వాడుకొనుచున్నదో, ఆస్ట్రేలియా జట్టు 2025లో ఆడిన ఆటలను వెంబడించి చూచినచో చక్కగా బోధపడును.

రగ్బీ యూనియన్ అను ఆటలో ఒక్కొక్క జట్టునకు 15 మంది ఆటగాండ్రు. ఆట 80 నిమిషములు. బంతి గుండ్రముగా నుండదు. కోడిగ్రుడ్డు వలె ఇరుప్రక్కల సాగియుండును. దానిని చేత పట్టుకొని పరుగెత్తవచ్చును, కాలితో తన్నవచ్చును. కాని చేతితో ముందుకు మాత్రము విసరరాదు. ప్రత్యర్థుల గీత దాటి బంతిని నేలకు ఆనించినచో 5 పాయింట్లు. దీనిని ట్రై అందురు. ఆ వెనుక బంతిని గోలు స్తంభముల నడుమ అడ్డకమ్మి మీదుగా తన్నగలిగినచో మరి 2. ప్రత్యర్థి చేసిన తప్పునకు లభించు పెనాల్టీ తన్నునకు 3. ఈ అంకెలు తెలిసిన చాలును. మిగిలిన నిబంధనల జోలికి పోవలసిన పని లేదు. అవి ఆడువారికే ఒక్కొక్కప్పుడు తికమకగా నుండును.

ఆస్ట్రేలియాలో సీజను ఫిబ్రవరిలో సూపర్ రగ్బీ పసిఫిక్ పోటీతో ఆరంభమగును. 2025లో అందులో 11 జట్లు ఆడినవి. ఆస్ట్రేలియా జట్లు నాలుగు: కాన్‌బెరా నగరపు బ్రంబీలు, సిడ్నీ వారటాలు, బ్రిస్బేన్ రెడ్స్, పెర్త్ ఫోర్స్. మెల్‌బోర్న్ రెబెల్స్ అను అయిదవ జట్టు 2024 సీజనుతో మూతపడినది. నాలుగింటిలోను బ్రంబీలే మిక్కిలి ముందుకు పోగలిగిరి. వారు సెమీఫైనలులో న్యూజిలాండ్ జట్టయిన చీఫ్స్ చేతిలో 37–17 తేడాతో ఓడిరి. ఈ జట్లలో రాణించిన ఆటగాండ్ర నుండి దేశపు జట్టును ఎన్నుకొందురు. ఆ జట్టును వాలబీలు అని పిలుతురు. వాలబీ అనగా కంగారూ జాతికి చెందిన ఒక చిన్న జంతువు.

దేశపు జట్లకు మాత్రమే అంతర్జాతీయ రగ్బీ సంస్థ ఒక సంఖ్యను కేటాయించును. ఈ ఏర్పాటు 2003లో ఆరంభమైనది. 0 నుండి 100 వరకు గల ఈ సంఖ్యను బలాంకము అనవచ్చును. చదరంగమెరిగిన పాఠకులకు ఇది వింత కాదు. కోనేరు హంపి వంటి క్రీడాకారుల రేటింగు ఇంత అని పత్రికలలో చదువుచుందుము గదా! చదరంగపు రేటింగును రూపొందించిన ఆర్పాడ్ ఈలో అమెరికాలోని మిల్వాకీ నగరమున భౌతికశాస్త్ర ఆచార్యుడు. ప్రపంచ చదరంగ సంఘము ఆయన పద్ధతిని 1970లో స్వీకరించినది. రగ్బీ లెక్క ఆ కోవలోనిదే. కాని ఈలో గారి పద్ధతిలో వక్రరేఖ ఉన్న చోట రగ్బీ పద్ధతిలో సరళరేఖ ఉన్నది. అందుచేత ఉన్నత పాఠశాల విద్యార్థి కూడ దీనిని కాగితము మీద చేయగలడు.

2025 సీజనులో అమలులో నున్న విధానము ఇది. ముందుగా, సొంత గడ్డపై ఆడు జట్టు బలాంకమునకు 3 కలుపవలెను. పరిచితమైన మైదానము, తమ ప్రేక్షకులు, ప్రయాణపు బడలిక లేకుండుట, వీని వలన కలుగు లాభమునకు ఇది వెల. ఈ 3 లెక్క కొరకే గాని జట్టు ఖాతాలో పడదు. పిమ్మట రెండు సంఖ్యల భేదమును తీసికొనవలెను. భేదము 10 దాటినచో 10 గానే భావింతురు. భేదమును 10 చేత భాగించగా వచ్చిన దానిని 'భ' అందము. బలమైన జట్టు గెలిచినచో దానికి 1 – భ చేరును. బలహీనమైన జట్టు గెలిచినచో దానికి 1 + భ చేరును. ఆట సమముగా ముగిసినచో బలహీనునకు భ చేరును. ఒకరికి చేరినంత రెండవవారి ఖాతా నుండి తరుగును.

ఈ చివరి వాక్యమే ఈ పద్ధతికి ప్రాణము. ఆటకు ముందు ఇద్దరి బలాంకముల మొత్తము ఎంతో, ఆట తరువాతను అంతే. రెండు పాత్రలలోని నీటిని ఒకదాని నుండి మరియొకదానికి వంచినచో మొత్తము నీరు మారదు గదా, అటులనే.

ఒక ఉదాహరణము. ఆతిథ్యమిచ్చు జట్టు బలాంకము 80, అతిథి జట్టుది 78 అనుకొందము. 3 కలుపగా 83; భేదము 5; భ = 0.5. ఆతిథేయి గెలిచినచో దానికి 0.5 మాత్రమే లభించును, ఓడినచో 1.5 పోవును. ఇందులో ఒక చమత్కారము దాగియున్నది. ఇవే రెండు జట్లు ఇదే స్థితిలో నాలుగు సార్లు ఆడి, ఆతిథేయి మూడు గెలిచి ఒకటి ఓడినదనుకొనుడు. లాభము 3 × 0.5 = 1.5, నష్టము 1.5. లెక్క సరిపోయినది, బలాంకము కదలలేదు. అనగా భేదము 5 ఉన్నచో బలమైన జట్టు నాలుగింట మూడు గెలుచునని ఈ సూత్రము ఊహించుచున్నది. అంతకంటె ఎక్కువ గెలిచిన జట్టే పైకి పోవును, తక్కువ గెలిచినది దిగును. భేదము 10 ఐనచో గెలుపు తప్పదని దాని ఊహ. తరగతిలో సంభావ్యతను బోధించు ఉపాధ్యాయులకు ఇది మంచి అభ్యాసము కాగలదు.

ఇంకను రెండు షరతులు కలవు. ఆటలో గెలుపు తేడా 15 పాయింట్ల కంటె మించినచో బలాంకపు మార్పును ఒకటిన్నర రెట్లు చేయుదురు. ప్రపంచ కప్పు ఆటలకు మార్పు రెట్టింపు.

ఇక వాలబీల ఖాతా చూతము. జులై 6న న్యూకాసిల్‌లో వారు ఫిజీని 21–18తో గెలిచిరి. ఆ వెంటనే బ్రిటిష్, ఐరిష్ లయన్స్ జట్టు వచ్చినది. ఇంగ్లండు, స్కాట్లండు, వేల్సు, ఐర్లండు ఆటగాండ్రు కలసి పన్నెండేండ్లకొకసారి ఆస్ట్రేలియాలో పర్యటించు జట్టు ఇది. మొదటి రెండు టెస్టులు లయన్స్ గెలిచిరి. రెండవది మెల్‌బోర్న్‌లో 90 వేలకు పైగా జనము చూచుచుండగా చివరి నిమిషపు ట్రైతో 29–26గా తేలినది. మూడవది సిడ్నీలో వాలబీలు 22–12తో గెలిచిరి. దేశమంతయు ఉప్పొంగినది. కాని బలాంకములో రవ్వంతయు మార్పు లేదు. లయన్స్ ఒక దేశపు జట్టు కాదు, దానికి బలాంకము లేదు; రెండవ పాత్ర లేనప్పుడు నీరు ఎక్కడికి వంచుట?

ఆగస్టు 16న జోహన్నెస్‌బర్గ్ ఎల్లిస్ పార్కులో జరిగినది మరియొక కథ. దక్షిణాఫ్రికా అప్పుడు ప్రపంచ విజేత. సొంత గడ్డ 3 కూడ కలియగా భేదము 10 దాటినది. సూత్రము దృష్టిలో ఆతిథేయి గెలుపు నిశ్చయము. ఇరువది నిమిషములు గడచుసరికి దక్షిణాఫ్రికా 22–0తో ముందున్నది. ఆ పిదప ఆ జట్టునకు ఒక్క పాయింటు రాలేదు. ఆస్ట్రేలియా వరుసగా 38 పాయింట్లు చేసి 38–22తో గెలిచినది. ఆ మైదానములో 1963 తరువాత వారికి అదే మొదటి విజయము. భ = 1 కనుక మార్పు 1 + 1 = 2. తేడా 16; అనగా 15 దాటినది. 2 × 1.5 = 3. ప్రపంచ కప్పు వెలుపల ఒకే ఆటలో సాధ్యమగు గరిష్ఠ మార్పు ఇదే. చివరలో దక్షిణాఫ్రికా ఒక్క పెనాల్టీ తన్నియున్నచో తేడా 13 అయి, ఆస్ట్రేలియాకు 2 మాత్రమే దక్కెడివి.

పదిహేనుకు, పదహారుకు మధ్య ఇంత గోడ కట్టుట సబబా అని అడుగవచ్చును. సబబు కాదనియే చెప్పవలెను. పదహారుతో గెలిచినను అరువదితో గెలిచినను ఒకటే, పదిహేనుతో గెలిచిన మాత్రము వేరు. మెట్టు బదులు వాలు ఉన్నచో బాగుండెడిది. కాని మెట్టు సులభముగా అర్థమగును. బలహీన జట్లపై అనవసరముగా పాయింట్లు కుప్పవోయు దురాశకు అది అడ్డు కూడ.

సెప్టెంబరులో అర్జెంటీనా జట్టు ఆస్ట్రేలియాకు వచ్చి రెండు ఆటలు ఆడినది. పట్టికలో రెండును ఇరుగుపొరుగు స్థానములలో నుండెను. బలాంకములు సమానమనుకొన్నచో, సొంత గడ్డ వలన భేదము 3, భ = 0.3. టౌన్స్‌విల్‌లో ఆట ముగియవచ్చినప్పుడు ఆస్ట్రేలియా 21–24తో వెనుకబడియుండెను. పెనాల్టీ లభించినది. గోలుకు తన్నినచో 24–24. నాయకుడు హ్యారీ విల్సన్ తన్నింపలేదు. ట్రై కొరకే పోరాడించెను. సమయము మించిన తరువాత ఆంగస్ బెల్ గీత దాటెను; 28–24తో గెలుపు. నాయకుని మనస్సులో బలాంకము ఉండియుండదు గాని, లెక్క అతని పక్షముననే ఉన్నది. ఆట సమమైనచో ఆస్ట్రేలియా 0.3 కోల్పోయెడిది. గెలుపు వలన సుమారు 0.7 లభించినది.

వారము తిరుగుసరికి సిడ్నీలో అర్జెంటీనా 28–26తో గెలిచినది. సొంత గడ్డపై ఓటమి కనుక నష్టము 1 + 0.3, అనగా సుమారు 1.3. చూచువారికి చెరియొక ఆట. ఖాతాలో మాత్రము ఆస్ట్రేలియాకు సుమారు 0.6 తరుగుదల, అర్జెంటీనాకు అంత పెరుగుదల. ఈ 0.6 విషయము తరువాత మరల రానున్నది.

ఆ పిమ్మట న్యూజిలాండ్ చేతిలో ఆక్లండ్‌లోను పెర్త్‌లోను ఓటమి. 2003 నుండి న్యూజిలాండ్ వద్దనే ఉన్న బ్లెడిస్లో కప్పు అక్కడనే ఉండిపోయినది. టోక్యోలో జపాను మీద 19–15తో గెలుపు. నవంబరులో ఐరోపా పర్యటన: ఇంగ్లండు చేతిలో 25–7, ఇటలీ చేతిలో 26–19, ఐర్లండు చేతిలో 46–19, ఫ్రాన్సు చేతిలో 48–33. నాలుగును ఓటములే. వీనిలో ఏది ఘోరమని అడిగినచో జనులు ఐర్లండు ఆటను చూపుదురు. లెక్క అట్లనదు. ఐర్లండు బలమైన జట్టు, ఆడినది వారి గడ్డపైన. భ ఒకటికి చేరువ. కనుక 1 – భ మిక్కిలి చిన్నది. దానిని ఒకటిన్నర రెట్లు చేసినను చిన్నదే. పారిస్‌లో తేడా సరిగా 15. దాటలేదు కనుక హెచ్చింపే లేదు. అసలు దెబ్బ ఉదీనె పట్టణములో తగిలినది. ఇటలీ పట్టికలో ఆస్ట్రేలియా కంటె క్రింద నుండెను. సొంత గడ్డ 3 కలియగా రెండును దాదాపు సమానమయ్యెను. అందుచేత ఆ ఏడు పాయింట్ల ఓటమికి వెల బలాంకములో ఒకటికి అటునిటుగా పడినది.

ఈ దశాంశముల కొరకు ఇంత తంటా యేల? 2027 ప్రపంచ కప్పు ఆస్ట్రేలియాలోనే జరుగనున్నది. 24 జట్లను ఆరు వర్గములుగా చీల్చుటకు సిడ్నీలో 2025 డిసెంబరు 3న చీట్లు తీసిరి. బలాంకముల వరుసలో మొదటి ఆరు జట్లు తలకొక వర్గమునకు పోవును. ఏడవ జట్టు రెండవ శ్రేణి. అది ఆ ఆరింటిలో ఒక దానితో తప్పక కలియవలెను.

ఇట్టి చీట్ల వలన ఏమి జరుగగలదో 2015 ప్రపంచ కప్పు చూపినది. దాని చీట్లు 2012 డిసెంబరులో తీసిరి. అంతకు రెండు దినముల ముందు కార్డిఫ్‌లో ఆస్ట్రేలియా ఆటగాడు కర్ట్‌లీ బీల్ చివరి నిమిషములో ట్రై చేయగా వేల్సు 12–14తో ఓడి తొమ్మిదవ స్థానమునకు, అనగా మూడవ శ్రేణికి జారినది. తత్ఫలితముగా ఆస్ట్రేలియా, ఇంగ్లండు, వేల్సు ఒకే వర్గములో పడినవి. ముందుకు పోవు స్థానములు రెండే. ఆతిథేయి అయిన ఇంగ్లండు మొదటి దశలోనే వెనుదిరిగినది.

2025 చీట్ల నాటికి ఆరవ స్థానము అర్జెంటీనాది, ఏడవది ఆస్ట్రేలియాది. ఆతిథేయిని న్యూజిలాండ్ తలపెట్టు వర్గమున చేర్చిరి. చిలీ, హాంకాంగ్ చైనా తక్కిన రెండు జట్లు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ప్రపంచ కప్పులో ఒకే వర్గములో పడుట ఇదే మొదటిసారి. ఈసారి ప్రతి వర్గమునుండి ఇద్దరును, మూడవ స్థానములో నిలిచిన జట్లలో మేలైన నాలుగును ముందుకు పోవును గనుక 2015 నాటి ఇంగ్లండు గతి పట్టుట అంత తేలిక కాదు. ఆ కప్పులో ప్రతి ఆటకును బలాంకపు మార్పు రెట్టింపు అను నియమము అప్పటికిని మారకున్నచో, 15 మించిన తేడాతో ఒక బలహీన జట్టు గెలిచినప్పుడు ఒక్క ఆటలో 6 వరకు చేతులు మారవచ్చును.