కొండెక్కితే చల్లగా ఎందుకుంటుంది?

ఎండాకాలంలో మదనపల్లె నుంచి హార్స్‌లీ హిల్స్‌కు వెళ్లారా? ఘాట్ రోడ్డులో మలుపులు తిరిగే కొద్దీ కిటికీలోంచి గాలి చల్లబడుతుంది. ఒకప్పుడు దాని పేరు ఏనుగు మల్లమ్మ కొండ. బ్రిటిష్ కాలంలో కడప కలెక్టరు హార్స్‌లీ అక్కడ వేసవి విడిది కట్టుకున్నది ఈ చల్లదనం కోసమే.

కానీ పైకి వెళ్తే సూర్యుడికి దగ్గరవుతాం, వేడి పెరగాలి కదా? మంచి అనుమానమే! సూర్యుడు మనకు దాదాపు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. అందులో ఒక కొండ ఎత్తు ఏ లెక్క?

అసలు సంగతి నేలలో ఉంది. ఎండ గాలిని నేరుగా పెద్దగా వేడి చేయదు. ముందు నేల కాగుతుంది, దాన్ని తాకిన గాలి వేడెక్కి పైకి లేస్తుంది. పైన ఒత్తిడి తక్కువ కాబట్టి ఆ గాలి వ్యాకోచిస్తుంది, అంటే ఉబ్బి పరుచుకుంటుంది. అలా ఉబ్బడానికి తన వేడినే ఖర్చు పెడుతుంది. సైకిల్ ట్యూబులో గాలి వదిలేటప్పుడు వేలు అడ్డం పెట్టి చూడండి, చల్లగా తగులుతుంది. అదీ ఇదే.

మామూలుగా కిలోమీటరు ఎత్తుకు ఆరు డిగ్రీల పైచిలుకు తగ్గుతుంది. మదనపల్లె సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది, హార్స్‌లీ హిల్స్ 1,265 మీటర్లు. అంటే మూడు నాలుగు డిగ్రీల తేడా. హిమాలయాల్లో ఎత్తు ఇంకా ఎక్కువ, అందుకే అక్కడ మంచు పేరుకుని హిమానీనదాలయింది. భూమధ్యరేఖకు దగ్గరలోనే ఉన్నా 5,895 మీటర్ల కిలిమంజారో శిఖరం మీద కూడా మంచుంది!

ఈసారి వెళ్లేటప్పుడు థర్మామీటరు తీసుకెళ్లండి. కింద ఒకసారి, పైన ఒకసారి, రెండుచోట్లా నీడలోనే చూసి రాసుకోండి.