బుగ్గ ఎండిన ఊరు

బుగ్గ అంటే ఏమిటో మా రాయలసీమ వాళ్లకి విడమరిచి చెప్పనక్కర్లేదు. తాడిపత్రి బుగ్గ రామలింగేశ్వరుడికి ఆ పేరు వచ్చిందే బుగ్గ వల్ల. మహానంది కోనేట్లో మునిగినవాళ్లకి నేల లోంచి ఉబికి వచ్చే నీళ్లు ఎలా ఉంటాయో తెలుసు. మోటారుండదు, కరెంటుండదు, తోడే మనిషుండడు. అయినా నీళ్లు వస్తూనే ఉంటాయి. అందుకే అది దేవుడి సొమ్మని దణ్ణం పెట్టుకుంటాం.

అలాంటి బుగ్గ ఒకటి ఒక ఊరినీ, ఆరువేల ఎకరాలకు పైగా పైరునీ పోషించి, పదిహేనేళ్లలో చుక్క లేకుండా ఎండిపోయిందంటే నమ్ముతారా? అదీ ఊరి జనం 'మా బుగ్గ పోతోంది మొర్రో' అని కోర్టు మెట్లెక్కి మొత్తుకుంటుండగానే!

ఆ ఊరి పేరు ఫోర్ట్ స్టాక్టన్. అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం పడమటి భాగంలో ఉంది. కిందటేడాది మిడ్‌ల్యాండ్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు చూశాను. అక్కడి నుంచి కారులో రెండు గంటల లోపే. దారి పొడుగునా ముళ్లపొదలు, ఎండిన గడ్డి, మధ్యమధ్య చమురు తోడే యంత్రాలు. మా అనంతపురం జిల్లాలో తిరుగుతున్నట్టే ఉంది. ''అమ్మా, నువ్వెప్పుడూ బోర్ల గురించే బాధపడతావు కదా, నీకో ఊరు చూపిస్తా పద'' అంది మా అమ్మాయి. చూశాక ఆ ఊరి కథ మీ అందరికీ చెప్పాలనిపించింది.

ఎడారిలో ఏరు

ఆ బుగ్గ పేరు కొమాంచీ స్ప్రింగ్స్. కొమాంచీలనే అక్కడి మూలవాసులు గుర్రాల మీద మెక్సికో వైపు దండెత్తి వెళ్లేటప్పుడు ఇక్కడ ఆగి నీళ్లు తాగేవారు. చుట్టుపక్కల అంత నీరు దొరికే చోటు మరొకటి లేదు మరి. శాన్ ఆంటోనియో నుంచి ఎల్‌పాసో వెళ్లే బండ్లబాట కూడా దీని పక్కనుంచే పోయేది. నీళ్లున్నచోటే కాపలా ఉండాలని సైన్యం 1859లో ఇక్కడ శిబిరం వేసింది. అదే ఫోర్ట్ స్టాక్టన్. అంతర్యుద్ధం తర్వాత 1867లో నల్లజాతి సైనికుల దళం వచ్చి కోటని మళ్లీ నిలబెట్టింది. 1886లో సైన్యం వెళ్లిపోయింది. ఊరు మాత్రం మిగిలింది. ఎందుకంటే బుగ్గ ఉంది!

ఆ బుగ్గలోంచి రోజుకి మూడు కోట్ల గ్యాలన్లకు పైగా నీళ్లు వచ్చేవి. అంటే పదకొండు కోట్ల లీటర్లు. మన ఆడవాళ్ల లెక్కలో చెప్పాలంటే, పది లీటర్ల బిందెలతో కోటీ పది లక్షల బిందెలు. రోజూ! పైగా ఎవరి నడుమూ నొప్పి పుట్టకుండా!

ఊళ్లోవాళ్లు కాలువలు తవ్వుకుని ఆ నీళ్లని పొలాలకి మళ్లించారు. పంటలు పండాయి, చెట్లు పెరిగాయి. 1936లో నీళ్ల పండగ మొదలైంది. 'వాటర్ కార్నివాల్' అంటారు. ఊరి ఆడపిల్లలు నీళ్లలో బారులు తీరి ఈత విన్యాసాలు చేసే పండగ. 1938లో బుగ్గ దగ్గరే పెద్ద ఈతకొలను కట్టారు. మన దగ్గర గంగమ్మ జాతర ఎలాగో, వాళ్లకి ఆ పండగ అలాగ.

పక్క పొలాల్లో పంపులు

ఇక అసలు కథ. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక లోతు నుంచి నీళ్లు లాగే పంపులు చవకయ్యాయి. 1940ల చివర్లో ఊరికి పడమర, నైరుతి దిక్కుల్లో కొత్త పొలాలు లేచాయి. బోర్లు దిగాయి. వాళ్లు తోడేదీ, ఊళ్లో బుగ్గకి వచ్చేదీ ఒకే నీరు. నేల కింద సున్నపురాతి పగుళ్లలో చేరిన వాన నీరది. అక్కడ తోడుతుంటే ఇక్కడ ఊట తగ్గడం మొదలైంది.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. బుగ్గ ఎండిందంటే నేల కింద నీళ్లు మొత్తం అయిపోయినట్టు అనుకుంటాం. అలా ఏం కాదు. నీళ్ల తొట్టికి పైభాగంలో చిన్న చిల్లు ఉందనుకోండి. తొట్టి నిండుగా ఉన్నంతసేపూ ఆ చిల్లులోంచి నీళ్లు కారతాయి. నాలుగు చెంబులు ముంచామా, మట్టం చిల్లు కిందికి దిగుతుంది, కారడం ఆగిపోతుంది. తొట్టి అడుగున మాత్రం ఇంకా బోలెడు నీళ్లుంటాయి! బుగ్గ అంటే ఆ చిల్లు. అందుకే భూగర్భజలాలు తరిగిపోవడం మొదలైతే మొట్టమొదట పోయేవి బుగ్గలూ, ఊట కాలువలూ. ఆ తర్వాత చేదబావులు. బోర్లది ఆఖరి వంతు. మనకి ప్రమాదం తెలిసేసరికి మొదటి రెండూ ఎప్పుడో పోయుంటాయి.

బుగ్గ నీటి మీద బతికే రైతుల మండలి ఊరుకోలేదు. బోర్లు వేసినవాళ్ల మీద, వాళ్లలో ముఖ్యుడైన క్లేటన్ విలియమ్స్ మీద కోర్టుకెళ్లింది. 'తరతరాలుగా ఈ బుగ్గ నీళ్లు మావి, తోడకం ఆపించండి' అని వేడుకుంది. 1954లో తీర్పు వచ్చింది. ఎవరి భూమి కింద నీళ్లు వాళ్లవే, ఎంతైనా తోడుకోవచ్చు, పొరుగువాడి బుగ్గ ఎండినా తప్పులేదన్నది దాని సారం.

1961 నాటికి బుగ్గ ఆగిపోయింది. 1950ల్లో టెక్సాస్‌ని పెద్ద కరవు పట్టిన మాట నిజమే. కానీ 1957లో వానలు పడి కరవు తీరింది. బుగ్గ మాత్రం తేరుకోలేదు. కాలువల కింద పొలాలు బీళ్లయ్యాయి. విచిత్రం ఏమిటంటే, కోర్టులో గెలిచిన ఆ క్లేటన్ విలియమ్సే తర్వాత ఫోర్ట్ స్టాక్టన్ చరిత్ర మీద పుస్తకం రాశారు. 1982లో అచ్చయింది. ఊరిమీద ప్రేమ లేని మనిషని ఎలా అంటాం? చట్టం తప్పులేదంది, ఆయన తోడుకున్నారు. అంతే!

నేను చూసినప్పుడు ఈతకొలను నీలంగా తళతళలాడుతోంది. అందులో నీళ్లు మాత్రం బుగ్గవి కావు, పైపుల్లో వచ్చినవి. గట్టుమీద ఒక పెద్దావిడ కూర్చుని ఉంటే మా అమ్మాయి పలకరించింది. చిన్నప్పుడు ఆవిడ ఇక్కడే ఈత నేర్చుకుందట. కాళ్ల కిందనుంచి నీళ్లు పైకి తోస్తున్నట్టు ఉండేదట. తన మనవరాలికి ఆ సంగతి చెబితే కథ అనుకుంటుందని నవ్వింది.

ఆ చట్టం మన ఇంటికీ వచ్చింది

'అమెరికావాళ్ల చట్టంతో మనకేం పని?' అంటారేమో. అక్కడే ఉంది తిరకాసు.

ఈ చట్టం పుట్టిల్లు ఇంగ్లండు. 1843లో అక్కడ ఒక నూలు మిల్లు బావి, పక్కనే బొగ్గు గని తవ్వడం వల్ల ఎండిపోయింది. గనివాళ్ల తప్పేం లేదంది కోర్టు. నేల కింద నీళ్లు ఎటు పోతాయో, ఎలా పోతాయో ఆరోజుల్లో ఎవరికీ సరిగ్గా తెలియదు. తెలియని దానికి లెక్కలేం కడతామనుకున్నారు.

ఆ సూత్రమే 1904లో టెక్సాస్ చేరింది. డెనిసన్ అనే ఊళ్లో రైలు కంపెనీ పెద్ద బావి తవ్వి రోజుకి పాతికవేల గ్యాలన్లు తోడుకుంటే, పక్కనే ఉన్న ఒకాయన ఇంటి బావి ఎండిపోయింది. ఆ బావి ఎండితే నీళ్లకోసం అవస్థపడింది ఎవరై ఉంటారో మనకి వేరే చెప్పాలా? కోర్టు మాత్రం రైలు కంపెనీ వైపే మొగ్గింది. ఫోర్ట్ స్టాక్టన్‌కి శాపమైంది ఆ తీర్పే.

ఇంతకీ ఆ సూత్రం టెక్సాస్ కంటే ముందే మన దేశానికి వచ్చేసింది! 1882లో తెల్లదొరలు చేసిన ఈజ్‌మెంట్స్ చట్టంలో ఉంది. నేల కింద ఫలానా దారి అంటూ లేకుండా ఊరే నీటిని భూమి యజమాని తన హద్దుల్లో తోడుకోవచ్చని అందులో రాశారు. ఆ చట్టం మొట్టమొదట అమలైన చోట్లలో మద్రాసు ప్రెసిడెన్సీ ఒకటి. అంటే మా సీమ జిల్లాలూ, కోస్తా జిల్లాలూ!

మా పుట్టింటి బావి సంగతే చూడండి. మా అమ్మ చేదతో తోడిన బావి అది. పొలం దగ్గర ఏటి ఒడ్డున ఊట కాలువ ఉండేది. ఇసక తవ్వి నీళ్లు పారించుకునేవారు. 1980ల్లో పక్క పొలంలో బోరు పడింది. మేమూ వేశాం. ఒకరు రెండు వందల అడుగులంటే మరొకరు మూడు వందలు. ముందు ఊట కాలువ పోయింది, తర్వాత బావి ఎండింది. ఎవరూ ఎవర్నీ తిట్టుకోలేదు. ఎవరి భూమిలో వాళ్లు వేసుకున్నారంతే. అప్పు చేసి వేసిన బోరు ఎండితే తాకట్టుకు వెళ్లేది ఇల్లాలి మెడలో గొలుసు. ఈ మాట మీలో ఎంతమందికి అనుభవమో నాకు తెలుసు.

బుగ్గ మళ్లీ పలికింది

ఫోర్ట్ స్టాక్టన్ కథ ఏడుపుతోనే ముగిసిపోలేదు. పాతికేళ్ల తర్వాత, 1986లో, బుగ్గలోంచి మళ్లీ నీళ్లొచ్చాయి! ఆ తర్వాత కూడా కొన్ని చలికాలాల్లో వచ్చాయి. చలికాలంలో పొలాలకి నీళ్లు అంతగా అక్కర్లేదు, పంపులు ఆగుతాయి. మట్టం పైకి లేచి 'చిల్లు' దాకా వస్తుంది. వేసవిలో పంపులు మొదలు కాగానే మళ్లీ మాయం. తొట్టి లెక్క నిజమేనని ఆ బుగ్గే ఏటేటా చెబుతున్నట్టు లేదూ?

ఈ బుగ్గ పేరు పెట్టుకున్న చిట్టి చేప ఒకటుంది. కొమాంచీ స్ప్రింగ్స్ పప్‌ఫిష్. రెండంగుళాలు మించదు. పుట్టినచోట దాని వంశం అంతరించింది. అంతరించిపోయే ప్రమాదమున్న జీవాల జాబితాలో 1967లోనే చేర్చారు. పడమరగా బాల్మొరే దగ్గర శాన్ సాలమన్ అనే మరో బుగ్గ ఇంకా పారుతోంది కాబట్టి అక్కడ బతికి ఉంది. ఒక బుగ్గ నిలిచింది కనుక ఒక జీవం నిలిచింది.

మరోపక్క నీళ్ల బేరం కూడా సాగింది. విలియమ్స్ కుటుంబం కంపెనీ తమ బోర్ల నీళ్లని మిడ్‌ల్యాండ్ లాంటి పట్టణాలకి అమ్ముకోడానికి 2009లో అనుమతి అడిగింది. స్థానిక భూగర్భజల మండలి 2011లో కాదంది. కోర్టుల్లో నలిగి నలిగి 2017లో రాజీ కుదిరింది. మిడ్‌ల్యాండ్ అంటే మా అమ్మాయి ఉండే ఊరే! ''మన కుళాయిలోకి ఎవరి బుగ్గ వస్తుందో ఆలోచించనే లేదమ్మా'' అంది ఇంటికొచ్చాక.

లెక్క మన చేతుల్లోనే

మన దగ్గర 2002లో 'వాల్టా' చట్టం వచ్చింది. నీరు, భూమి, చెట్టు చట్టం. ఊరి తాగునీటి వనరుకి 250 మీటర్ల లోపల అనుమతి లేకుండా కొత్త బోరు వెయ్యకూడదని అందులో ఉంది. టెక్సాస్‌లో ఆనాడు ఆ ఊరివాళ్లకి దొరకని ఆయుధం ఇది. మన ఊరి బోరు పక్కన యంత్రం దిగుతుంటే పంచాయతీలో అడిగే హక్కు మనకుంది. అడుగుతున్నామా?

చట్టం ఒక్కటే చాలదు. 2003 నుంచి కొన్నేళ్లపాటు అనంతపురం, కడప, కర్నూలు, చిత్తూరు, ప్రకాశం, నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో రైతులే భూగర్భజలాల లెక్క చూసుకునే పథకం నడిచింది. ఐక్యరాజ్యసమితి వ్యవసాయ సంస్థ దానికి అండగా ఉంది. వాన ఎంత పడింది, బోర్లలో మట్టం ఎంత ఉందన్నది రైతులే కొలిచి, ఊరి గోడల మీద రాసేవారు. కొలిచినవాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు. ఉన్న నీళ్లకి ఏ పైరు సరిపోతుందో అందరూ కూర్చుని మాట్లాడుకునేవారు. 1843లో నేల కింద నీరు ఎవరికీ అంతుబట్టని రహస్యం. ఇప్పుడు దాన్ని టేపు పట్టుకుని పల్లెటూరి ఇల్లాలు కొలిచి చెప్పగలదు!

మన ఇళ్లల్లో బియ్యం డబ్బా అడుగు కనిపించేదాకా ఎవరం ఆగం. సగానికి రాగానే లెక్క చూసుకుంటాం, చెయ్యి బిగిస్తాం. నేల కింద నీళ్లకీ అదే లెక్క కావాలి. ఈసారి ఇంట్లో 'ఇంకో బోరు వేద్దాం' అనే మాట వస్తే, గొలుసు తీసిచ్చే ముందు ఒక్క ప్రశ్న అడగండి: ''పక్కవాళ్ల బావిలో మట్టం ఎంతుంది?''