పక్క చేలో 'బీటీ' మందు కొడుతున్నారా? మన పురుగు జాగ్రత్త!



వంగ, క్యాబేజీ తోటల్లో పురుగుకు బీటీ పొడి కొడుతుంటారు. సేంద్రియ మందు, మనిషికి హాని లేదు అంటారు. ఆ మాట నిజమే. కానీ మన పట్టు పురుగుకు మాత్రం అది విషం.

అసలు ఈ సూక్ష్మజీవి మొదట దొరికింది పట్టు పురుగులోనే. 1901లో జపాన్‌లో ఇషివాటా అనే శాస్త్రవేత్త, ఉన్నట్టుండి కూలిపోయి చస్తున్న పట్టు పురుగుల్లో దీన్ని కనిపెట్టారు. ఆ రోగాన్ని అక్కడ 'సొట్టో' అన్నారు. 1911లో జర్మనీలోని తురింజియాలో పిండి పురుగులో మళ్లీ కనబడింది. బ్యాసిల్లస్ తురింజియెన్సిస్ అనే పేరు ఆ ఊరి ప్రాంతాన్ని బట్టి వచ్చిందే.

మేత అయిపోతే ఈ బ్యాక్టీరియా తన ఒంటిని రెండు అరలుగా చేసుకుంటుంది. ఒక అరలో గట్టి విత్తనం లాంటి స్పోరు, రెండో అరలో ప్రోటీన్ పలుకు తయారవుతాయి. విషం ఆ పలుకులోనే ఉంది. మన కడుపులో పులుపు ఎక్కువ, అందుకే అది మనల్నేమీ చేయదు. పట్టు పురుగు పేగులో క్షారం ఎక్కువ. అక్కడ పలుకు కరిగి, పేగు గోడకు చిల్లులు పెడుతుంది. పురుగు మేత మానేసి, మెత్తబడి చస్తుంది.

సూక్ష్మజీవుల మూటలన్నీ చెడ్డవేం కావు. కొన్ని తమ పై పొర నుంచి చిన్న బుడగలు వదులుతాయి. వాటితోనే మెదడు పొరల వాపు జ్వరానికి టీకా చేసి, 2004 నుంచి న్యూజిలాండ్‌లో పిల్లలకు వేశారు. నీటి పాచిలోని బ్యాక్టీరియా బొగ్గుపులుసు వాయువును పట్టుకునే ప్రోటీన్ పెట్టెలు కట్టుకుంటుంది. వాటిని మొక్కల్లో పెట్టి దిగుబడి పెంచాలని పరిశోధకులు ప్రయత్నిస్తున్నారు.

మనం చేయాల్సింది:
• పక్క రైతుతో ముందే మాట్లాడండి. కొట్టే రోజు, గాలి వాటం అడగండి.
• డబ్బా మీద బ్యాసిల్లస్ పేరు ఉందేమో చూడండి. ఆ స్ప్రేయర్ మల్బరీలో వాడొద్దు.
• ఆకు మీద అనుమానముంటే ముందు కొన్ని పురుగులకే వేసి ఒక రోజు చూడండి.
• చచ్చినవాటిని దూరంగా గుంత తీసి సున్నం వేసి పూడ్చండి. తట్టలు, షెడ్డు శుద్ధి చేయండి.

పక్కింటి అన్నకు తెలిసి చేసే పని కాదిది. ఈ సందేశం ఆయనకూ పంపండి.