నువ్వులు, వేరుసెనగలు, చర్మరక్షణ

2022 వరకు అనంతపురము జిల్లాలో నుండి, నేడు శ్రీ సత్యసాయి జిల్లాలో చేరిన సోమందేపల్లె ప్రాంతమున వేరుసెనగ వర్షాధారపు పంట. కలుపుతీత మొదలు చెట్లు పెరికి కాయలు కోయువరకు అంతయు ఎండలోని పనియే. ఆ ఎండకు చర్మము కమిలి, నల్లబడి, ముందుగానే ముడుతలు పడుట మనము చూచుచునే యున్నాము. అట్టి చర్మమునకు తోడ్పడు పదార్థమొకటి ఆ గింజలోనే యున్నది. అదియే 'ఇ' విటమిను.

1922లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున హెర్బర్ట్ ఇవాన్స్, కాథరిన్ బిషప్ అను శాస్త్రజ్ఞులు దీని ఉనికిని కనుగొనిరి. ఇది నూనెలో కరగును. ఎండలోని అతినీలలోహిత కిరణములు సోకినపుడు చర్మకణముల పొరలలోని కొవ్వు వరుసగా చెడుచు పోవును. నిలువయున్న నూనె చెడి వాసన కొట్టుటయు ఇట్టి మార్పే. ఆ వరుసను 'ఇ' విటమిను నడుమ తెంపివేయును. మనము తిన్న విటమినులో కొంత ముఖముపై ఊరు జిడ్డుతో పాటు చర్మము పైకి వచ్చును.

అయితే తిన్నదంతయు ఒంటికి నిలువదు. ఈ విటమినులో ఆల్ఫా, గామా అను రకములు ముఖ్యములు. కాలేయము ఆల్ఫాను ఏరి రక్తములోనికి పంపును. గామాను చాలవరకు విరుగగొట్టి మూత్రముతో వెడలగొట్టును. నువ్వులలోని సెసామిన్ అను పదార్థము ఈ విరుగగొట్టు ఎంజైము పనిని మందగింపజేయును. నువ్వులు తిన్నవారి రక్తములో గామా రకము పెరిగినట్లు 2001లో ప్రకటితమైన పరిశోధన తెలిపినది.

ఇంతమాత్రమున నువ్వులు తిన్నవారిని ఎండ బాధింపదని తలపరాదు. పనిచేసి అలసిన 'ఇ' విటమినుకు 'సి' విటమిను తిరిగి శక్తి నిచ్చును. రెండును కలిపి పెద్ద మోతాదులలో ఇచ్చినపుడు చర్మము ఎండకు కమలుట కొంత తగ్గినది. 'ఇ' ఒక్కటియే ఇచ్చినపుడు అంత ఫలితము కానరాలేదు. భోజనములో లభించునది ఆ మోతాదులకంటె చాల తక్కువ. అట్లని మాత్రలకై పరుగెత్తరాదు. రక్తము గడ్డకట్టకుండ మందు వాడువారికి పెద్ద మోతాదులు రక్తస్రావ భయము కలిగించును.

పెద్దవారికి దినమునకు 15 మిల్లీగ్రాముల 'ఇ' విటమిను వలయునని అమెరికా నిపుణుల లెక్క. నూరు గ్రాముల వేరుసెనగ గింజలలో సుమారు 8 మిల్లీగ్రాములుండును. కావున సంగటితో ఊరుబిండి, అన్నములో నువ్వులపొడి, దొరికిన దినమున ఉసిరికాయయో జామపండో తినుట మేలు. కాగిన నూనెను మరల మరల కాచినచో విటమిను నశించును. కలుపుతీతకు పోవు స్త్రీలు చీరపై పాతచొక్కా తొడిగి, తలకు గుడ్డ చుట్టుకొనుట ఏ విటమినుకంటెను పెద్ద రక్షణ, దానిని మానరాదు.

కాయలు అమ్మకమునకు బండి కెక్కించునపుడు ఇంటిల్లిపాదికి ఏడాదికి సరిపడు గింజలు ముందుగా తీసి యుంచుకొనవలెనని మా మనవి.