గిటారు పికప్: ఓముల లెక్క ఎంతవరకు నమ్మవచ్చును?

ఎలక్ట్రిక్ గిటారు తంత్రుల క్రింద, చెక్కలో బిగించిన చిన్న సాధనమొకటి ఉండును. దానిని పికప్ అందురు. తంత్రి కంపనమును విద్యుత్తుగా మార్చి ఆంప్లిఫయరునకు అందించునది ఇదియే. తక్కువ వెలకు అమ్మెడు పికప్‌లను గూర్చి అమ్మకందార్లు తరచుగా ఒకే ఒక అంకెను చెప్పుదురు: 6 కిలో ఓములు, 8 కిలో ఓములు, 14 కిలో ఓములు. అంకె పెద్దదైన కొలది ధ్వని బలమైనదని కొనువారి నమ్మకము. ఈ నమ్మకమునకు ఆధారమెంతయో ఉన్నత పాఠశాల భౌతికశాస్త్రముతోనే తేల్చుకొనవచ్చును.

పికప్ పనిచేయు తీరునకు మూలము 1831లో ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణ. అయస్కాంతము చుట్టును సన్నని రాగితీగను వేలకొలది చుట్లు చుట్టుదురు. పైనున్న ఉక్కు తంత్రి ఆ అయస్కాంతపు ప్రభావమున తానును కొంత అయస్కాంతమగును. తంత్రిని మీటగానే తీగచుట్ట గుండా పోవు బలరేఖలు హెచ్చుచు తగ్గుచు ఉండును; చుట్ట కొసల మధ్య విద్యుచ్ఛాలక బలము పుట్టును. నైలాను తంత్రుల గిటారునకు ఈ పికప్ బిగించి ప్రయోజనము లేదు. అమెరికాలో జార్జి బీచం 1931 ప్రాంతమున గుర్రపు లాడము ఆకారపు అయస్కాంతములతో ఇట్టి పికప్‌ను రూపొందించి 1937లో పేటెంటు పొందెను. పాలకొల్లులో 1969లో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ కర్ణాటక సంగీత కచేరీలలో వాయించిన ఎలక్ట్రిక్ మాండలిన్ కూడ ఎలక్ట్రిక్ గిటారు వంశములోనిదే.

ఓమ్‌మీటరు చూపునది రాగితీగ నిరోధమును మాత్రమే. 1954లో వెలువడిన స్ట్రాటోకాస్టర్ తరహా పికప్‌లో 0.063 మిల్లీమీటరు తీగ సుమారు 8 వేల చుట్లు ఉండును. ఒక్కొక్క చుట్టు సగటున 13 సెంటీమీటర్లనుకొన్నను మొత్తము తీగ ఒక కిలోమీటరు దాటును! దాని నిరోధము 6 వేల ఓములకు దగ్గరగా ఉండును. అవే 8 వేల చుట్లను 0.056 మిల్లీమీటరు తీగతో చుట్టినచో ఏమగును? నిరోధము తీగ వ్యాసపు వర్గమునకు విలోమానుపాతములో ఉండును గనుక అది సుమారు 7,500 ఓములగును. చుట్ల సంఖ్య మారలేదు; అయస్కాంతము మారలేదు; కనుక పుట్టు విద్యుచ్ఛాలక బలమును మారదు. పెరిగినది అంకె మాత్రమే. వేసవి ఎండ కూడ ఈ అంకెను పెంచగలదు. రాగి నిరోధము డిగ్రీ ఒక్కింటికి సుమారు 0.4 శాతము హెచ్చును. 20 డిగ్రీల వద్ద 6,000 ఓములు చూపిన పికప్ మే నెల మధ్యాహ్నము 40 డిగ్రీల వద్ద దాదాపు 6,500 ఓములు చూపును.

మరి పికప్ స్వభావమును నిర్ణయించునది ఏది? ముఖ్యముగా దాని స్వయంప్రేరకత్వము. చుట్ల సంఖ్య, వాటి మధ్యనున్న లోహము, చుట్ట ఆకారము అన్నియు అందులో ఇమిడియున్నవి. దీనికి తోడు చుట్టకు స్వంత కెపాసిటీ కొంత ఉండును; గిటారును ఆంప్లిఫయరునకు కలుపు కేబులుకు మీటరుకు సుమారు 100 పికోఫారడ్ల వంతున మరికొంత ఉండును. ప్రేరకత్వము, కెపాసిటీ కలిసిన చోట అనునాదము తప్పదు. రెండింటిని గుణించి, వర్గమూలము తీసి, 6.28తో హెచ్చించి, వచ్చిన దానితో 1ని భాగించినచో అనునాద పౌనఃపున్యము లభించును. కెపాసిటీ మొత్తము 600 పికోఫారడ్లనుకొందము. ప్రేరకత్వము 2.5 హెన్రీలైన పికప్ సుమారు 4,100 హెర్ట్జుల వద్ద, 5 హెన్రీలైనది 2,900 వద్ద, 10 హెన్రీలైనది 2,050 వద్ద అనునాదము చెందును. ఆ చోట ధ్వని ఉబికి, దానిపైన త్వరగా క్షీణించును. మొదటిదాని నాదము గలగలలాడును. మూడవదాని నాదము గంభీరమై కొంత మసకబారును. చెవి గుర్తించు భేదము ఇది. ఓములలో ఇది కానరాదు.

దీనిని కొలుచుటకు ఖరీదైన పరికరములు అక్కరలేదు. ఎనామెలు తీగతో 50 చుట్ల చిన్న చుట్ట చేసి, 100 ఓముల నిరోధకమును శ్రేణిలో కలిపి, సిగ్నల్ జనరేటరునకు తగిలించి పికప్ పైన ఉంచవలెను. పికప్ కొసలకు ఆసిలోస్కోపు కలిపి పౌనఃపున్యమును క్రమముగా పెంచుచు పోయినచో, వోల్టేజి పెరిగి పెరిగి ఒకచోట శిఖరమునందుకొని పడిపోవును. అదే అనునాదము. ఇచట ఒక జాగ్రత్త అవసరము. ఆసిలోస్కోపును మామూలు కేబులుతో కలిపినచో ఆ కేబులు కెపాసిటీయే శిఖరమును క్రిందికి లాగివేయును. పదిరెట్ల ప్రోబు వాడుట మేలు.

ఇప్పుడు పికప్ కొసల మధ్య విలువ తెలిసిన కెపాసిటరును కలిపి శిఖరమును మరల వెదుకవలెను. 470 పికోఫారడ్లతో 4,216 హెర్ట్జులు, 1,000 పికోఫారడ్లతో 3,035 హెర్ట్జులు వచ్చినవనుకొందము. పౌనఃపున్యపు వర్గముతో 1ని భాగించి, ఆ విలువను నిలువు అక్షము మీద, కలిపిన కెపాసిటీని అడ్డు అక్షము మీద గుర్తించినచో సరళరేఖ వచ్చును. రేఖ వాలును 39.5తో భాగించిన ప్రేరకత్వము దొరకును: ఈ ఉదాహరణలో 2.5 హెన్రీలు. రేఖను ఎడమకు పొడిగించినచో అది అడ్డు అక్షమును సున్నకు 100 పికోఫారడ్ల ఆవల తాకును. అది చుట్ట స్వంత కెపాసిటీ, దానితో కలిసిన ప్రోబు కెపాసిటీ. కనబడని రాశిని రేఖను పొడిగించి పట్టుకొనుట విద్యార్థులకు గొప్ప వినోదము. మూడు నాలుగు కెపాసిటర్లతో చేసినచో బిందువులు ఒకే రేఖపై నిలుచునో లేదో కూడ తెలియును.

చవుక పికప్‌లలో పెక్కింటి నిర్మాణము వేరు. ఖరీదైన వానిలో ఆల్నికో కడ్డీలు, అనగా అల్యూమినియము, నికెలు, కోబాల్టు కలిసిన ఇనుప మిశ్రలోహపు కడ్డీలు, చుట్ట నడుమ నిలుచును. చవుక వానిలో ఉక్కు మేకులు నిలిపి, అడుగున ఫెరైటు అయస్కాంతపు పలకను అంటింతురు. ఉక్కు బలరేఖలను ఆల్నికో కంటె సులభముగా పోనిచ్చును. అందుచేత చుట్లు తక్కువైనను, ఓములు తక్కువైనను ప్రేరకత్వము హెచ్చుగా ఉండవచ్చును. ఓముల అంకెను చూచి దీనిని బలహీనమైనదని త్రోసివేయువాడు తప్పుదారి పట్టినట్లే. ఫెరైటు చవుక గనుక నాసిరకమనుటయు సరికాదు; అది బలమైన అయస్కాంతమే. దోషము తరచుగా మూతలో ఉండును. ఇత్తడి మూత మంచి విద్యుద్వాహకము. మారు క్షేత్రమునకు దానిలో సుడులవలె ఎడ్డీ ప్రవాహములు పుట్టి అనునాద శిఖరమును అణచివేయును. నికెలు కలిసిన జర్మన్ సిల్వరు మూతలో ఈ నష్టము తక్కువ. మూత తీసి ఒకసారి, పెట్టి ఒకసారి కొలిచినచో భేదము తెరమీదనే కనబడును. చుట్టను మైనములో ముంచకపోవుట మరియొక లోపము. వదులైన తీగచుట్లు తామే కంపించి, ఆంప్లిఫయరు ధ్వని హెచ్చించినప్పుడు కీచుమని అరచును. ఈ లోపము ఏ మీటరులోను కనబడదు. పికప్‌ను పెన్సిలుతో తట్టి వినవలెను.

శిఖరపు ఎత్తు గిటారులోని వాల్యూము నిరోధకమును బట్టి కూడ మారును. 2.5 హెన్రీల చుట్ట 4,100 హెర్ట్జుల వద్ద చూపు అవరోధము సుమారు 64 వేల ఓములు. దానికి సమాంతరముగా 250 కిలో ఓముల నిరోధకమున్నచో శిఖరము అణగును. 500 కిలో ఓములదైనచో మిగిలి నిలుచును. చవుక గిటారు ధ్వని మసకగా ఉన్నదని పికప్ మార్చబోవువారు మొదట ఈ నిరోధకమును, కేబులు పొడవును చూచుకొనుట మంచిది. ఓమ్‌మీటరునకు మిగిలిన నిజమైన పని ఒకటున్నది. అంకె అనంతమైనచో తీగ తెగినది. అదే రకపు జతలోని రెండవ పికప్ చూపు దానిలో సగమే వచ్చినచో చుట్లు ఎచటనో ఒకదానినొకటి అంటుకొనినవి.